బుచ్చయ్యపేటకి మూడో కొలత

వెబ్‌సైట్ పెట్టించుకుందామని వెళ్లినవాడిని ఈమధ్య మొట్టమొదట అడుగుతున్న ప్రశ్న ఇది: "త్రీడీ చేయించుకుంటారా సార్, మామూలుదే చాలా?" ఆ "మామూలుదే" అనడంలో ఉన్న జాలికి అవతలివాడు సగం చచ్చిపోతాడు. మిగిలిన సగంతో అడ్వాన్సు కట్టేస్తాడు. ఎరువుల దుకాణానికి త్రీడీ, ఇంగ్లీషు మీడియం బడికి త్రీడీ, కల్యాణ మండపానికి త్రీడీ. దుకాణం వారి పేజీలో యూరియా బస్తా తిరుగుతుంది, బడివారి పేజీలో గ్లోబు తిరుగుతుంది, మండపంవారి పేజీలో అరటిచెట్లు కట్టిన ద్వారం మన మీదికి వచ్చి రెండుగా విడిపోతుంది. యూరియా స్టాకుందా, బడిలో ఫీజెంత, మండపం మాఘంలో ఏ తేదీల్లో ఖాళీ అన్నవి మాత్రం ఎంత తిప్పినా కనబడవు.

దీని వెనక ఒక సిద్ధాంతం కూడా ఉంది. లోకం మూడు కొలతల్లో ఉంది, మనిషి కన్ను మూడు కొలతలకు అలవాటుపడింది, కాబట్టి వెబ్ పేజీ కూడా మూడు కొలతల్లోనే ఉండాలట. బాగుంది. లోకంలో వాసన కూడా ఉంది మరి. గానుగ రోజుల్లో మొలాసిస్ వాసన లేకుండా గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గురించి పేజీ పెట్టడం ఏం న్యాయం? అసలు మనిషి కాగితం కనిపెట్టుకున్నదే లోకాన్ని చదును చేసి చంకలో పెట్టుకుపోవడానికి. జాతకం చదును, పంచాంగం చదును, రేషన్ కార్డు చదును, వందరూపాయల నోటు చదును. వీటిల్లో ఏ ఒక్కదానికీ లోతు లేదని ఎవరూ ఫిర్యాదు చేసిన దాఖలా లేదు.

మూడో కొలత మీద అంత మోజు ఉన్నవాళ్లకి మా వైపు ఉచిత ప్రదర్శన ఏళ్ల తరబడి నడుస్తోంది. భీమిలి నుంచి చోడవరం, వడ్డాది మీదుగా నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డెక్కండి. పొడవుంటుంది, వెడల్పుంటుంది, వర్షాకాలంలో లోతు కూడా ఉంటుంది. ప్లగిన్లేవీ అక్కర్లేదు.

అదే రోడ్డు రియల్ ఎస్టేటు వారి త్రీడీలో చూడండి. వడ్డాది జంక్షన్లో టీ కొట్టు బల్ల మీద ఓ పెద్దాయన, ఆయన పక్కన బ్యాగు తగిలించుకున్న కమీషను కుర్రాడు. కుర్రాడి చేతిలో ఫోను. ఫోనులో ఓ వెంచరు తాలూకు సైటు. నల్లటి తెర, మధ్యలో బంగారు రంగు చక్రం, దాని కింద అంకె: ముప్ఫై ఏడు శాతం.

"ఏటి బావూ, తిరుగుతంది?"

"లోడవుతంది మావా. హెవీ గ్రాఫిక్స్. కాసేపాగు."

మావ ఆగాడు. టీ వచ్చింది, టీ అయిపోయింది. అంకె అరవై రెండు దగ్గర కూర్చుండిపోయింది. కుర్రాడు ఫోను పైకెత్తి సిగ్నలు వెతికాడు, రోడ్డు దాటి అవతలి వైపు నిలబడి చూశాడు, వెనక్కొచ్చాడు. ఉన్నట్టుండి సంగీతం మొదలైంది. తెర మీద రెండు ఏనుగులున్న ద్వారం, దాని వెనక నల్లగా నున్నగా అరవై అడుగుల రోడ్డు, రోడ్డుకిరువైపులా మన నేలలో ఎన్నడూ మొలవని ఈతచెట్ల లాంటి చెట్లు. తెల్లటి విల్లాలు. నిక్కర్లేసుకున్న తెల్లతోలు మనుషులు కుక్కని నడిపించుకుంటూ పోతున్నారు. మా బుచ్చయ్యపేట మండలంలో తెల్లవారుజామున నిక్కరేసుకుని కుక్కతో నడిచే తెల్లవాళ్లెవరో ఆ డిజైనర్‌కే తెలియాలి. నీలం రంగు ఈత కొలను. కొలనులో అలలు. అలల మీద ఎండ తళుక్కుమంటోంది. అది చూసి మావ కళ్లు నిజంగానే మెరిశాయి, కాదనను. తర్వాత అడగడం మొదలెట్టాడు.

"నీళ్లు బాగున్నాయి గానీ బావూ, ఈడ బోరు ఎన్నడుగుల్లో పడతాది?"

"అది సైటులో ఉండదు మావా."

"వానొస్తే ఆ మెట్ట మీద నీళ్లన్నీ ఎటెల్తాయి? మన పొలం మీదకా?"

"అదీ ఉండదు."

"సర్వే నంబరో?"

కుర్రాడు వేలితో బొమ్మని అటూ ఇటూ తిప్పాడు. విల్లా పైకప్పు కనబడింది, పునాది కింద నుంచి కూడా కనబడింది, ఏనుగు తోక కనబడింది. సర్వే నంబరు కనబడలేదు. రీసర్వేలో ఇచ్చిన ఎల్పీ నంబరూ కనబడలేదు. గజం ధర దగ్గర "మమ్మల్ని సంప్రదించండి" అని ఒక మీట ఉంది, అదీ త్రీడీలోనే ఉంది, నొక్కితే లోపలికి పోయి పైకొచ్చింది. ఈలోగా ఫోను వేడెక్కి, బ్యాటరీ ఎరుపులోకి దిగి, కుర్రాడు కొట్టువాణ్ని చార్జరడిగాడు.

"పోనీలే బావూ. ఆ కాయితం ఉంటే తే, సూద్దాం" అన్నాడు మావ. కాగితం అంటే ఎఫ్ఎంబీ నకలు.

ఎఫ్ఎంబీని ఎరగని త్రీడీ పండితుల కోసం రెండు మాటలు. పొలం నాలుగు మూలలూ గీతలు, ఆ గీతల పక్కన గొలుసు కొలతల అంకెలు, పక్క సర్వే నంబర్లు. అంతే. గొలుసంటే అరవై ఆరు అడుగులు, దానికి నూరు లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. రంగుండదు, నీడుండదు, సంగీతముండదు. కానీ ఆ గీత మీద అన్నదమ్ములు కోర్టుకెళ్లారు, ఆ గీత చూసే మళ్లీ రాజీపడ్డారు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే మొదలైనప్పుడు ఆకాశంలో డ్రోన్లు ఎగిరాయి, ఉపగ్రహాల సంకేతాలతో కొలిచే యంత్రాలు దిగాయి. ఇంత హంగామా చేసి చివరకు రైతు చేతికిచ్చిందేమిటి? ఎల్పీఎం అనే భూమి పటం. మళ్లీ చదునైన కాగితమే. విస్తీర్ణం తగ్గిందని జనం గోలపెట్టారు, సరిహద్దు మారిందని తహసీల్దారు ఆఫీసుల చుట్టూ తిరిగారు, అవన్నీ నిజమే. పటానికి లోతు చాలలేదని మాత్రం ఎవరూ అర్జీ పెట్టలేదు.

ఫోను ఎందుకు వేడెక్కుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఫోనుదే తప్పనుకుంటారు. మామూలు పేజీని బ్రౌజరు ఒకసారి పరిచి ఊరుకుంటుంది, మీరు కదిపితే మళ్లీ పరుస్తుంది. త్రీడీ దృశ్యం అలా ఊరుకోదు. వేలకొద్దీ త్రికోణాలను లెక్కగట్టి, వాటి మీద గోడ రంగూ గడ్డి రంగూ పులిమి, సెకనుకు అరవై సార్లు దాకా మొత్తం మళ్లీ మళ్లీ గీస్తూనే ఉంటుంది. మీరు చూస్తున్నా గీస్తుంది, టీ తాగుతున్నా గీస్తుంది. ఆ గోడ మీద పులిమే బొమ్మ ఉంది చూశారూ, 2048 చుక్కల పొడవు, 2048 చుక్కల వెడల్పు ఉన్న ఒక్క బొమ్మ, నెట్‌లో వచ్చేటప్పుడు ముడుచుకుని చిన్నదిగానే వస్తుంది. గ్రాఫిక్స్ చిప్పులోకి దిగాక మామూలుగా విప్పితే 16 ఎంబీ తింటుంది. అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. అంటే ఒక్క గోడ పెచ్చుకి పెట్టిన ఖర్చుతో 55 లక్షల సంకేతాల తెలుగు పడుతుంది. మండలంలో ప్రతి ఊరి చరిత్రా, ప్రతి చెరువు కథా రాసుకోవచ్చు. రాసేవాడు కావాలి, అది వేరే సంగతి. గోడకి సున్నం కొట్టేవాడు చవగ్గా దొరుకుతున్నాడు.

పోనీ ఆ గోడ మీద ఊరి పేరైనా సరిగ్గా రాస్తారా? వెబ్‌లో త్రీడీకి ఎక్కువమంది వాడే సాధనం త్రీ.జేఎస్. దాంట్లో అక్షరాల్ని దిమ్మల్లా ఉబ్బెత్తుగా పోతపోసే యంత్రం ఒకటుంది. అది ఇంగ్లీషుని బ్రహ్మాండంగా పోస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషులో ఒక అక్షరం పక్కన ఇంకొకటి నిలబడితే చాలు. మన లిపిలో ఒకటి ఇంకోదాని కిందికి దూరాలి, పొల్లు మాయమవ్వాలి, వత్తు రూపం మార్చుకోవాలి. బ్రౌజరు మామూలు పేజీలో ఈ పని నిశ్శబ్దంగా, ఉచితంగా చేసిపెడుతుంది. ఆ పోత యంత్రానికి ఈ సంగతేమీ తెలియదు, ఒక్కో సంకేతాన్ని విడిగా తీసి వరసలో పేరుస్తుంది. ఫలితం: "బుచ్‌చయ్‌యపేట." రెండు వత్తులున్న పాపానికి ఊరు మూడు ముక్కలై, బంగారు పూతతో, నీడతో సహా గుండ్రంగా తిరుగుతుంది. దీనికి విరుగుడు డిజైనర్ల దగ్గరుంది: పేరు ఇంగ్లీషులో రాసేద్దాం సార్, క్లాసీగా ఉంటుంది.

ఇంకో చమత్కారం. పేజీ తెరవగానే అంతరిక్షంలోంచి భూగోళం కనిపించి, భారతదేశం మీదకి దూసుకొచ్చి, తూర్పు తీరం మీద వాలి, ఓ జెండా పాతుతుంది. జెండా మీద "విశాఖపట్నం జిల్లా." అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది, బుచ్చయ్యపేట అందులోకే పోయింది. అంతరిక్షం నుంచి గురిచూసి దిగినవాడికి జిల్లా మారిన కబురు అందలేదు. మామూలు పేజీలో అయితే ఒక్క మాట తుడిచి ఒక్క మాట రాస్తే సరిపోయేది. త్రీడీలో అది బొమ్మలో భాగం కాబట్టి, మళ్లీ రెండర్ చేయాలి, మళ్లీ కొటేషనివ్వాలి. ఆ మాట వెతికినా దొరకదు, కాపీ చేసినా రాదు. కళ్లు లేనివారికి తెర మీది మాటలు చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మ దగ్గరకొచ్చి, చేసినవాడు పనిగట్టుకుని విడిగా మాటలు రాసిపెడితే తప్ప, నోరు మూసుకుని నిలబడుతుంది.

ఇదంతా కొత్త విప్లవమని చెప్పేవాళ్లకి ముప్ఫయ్యేళ్ల పాత జాబితా ఉంది. 1994లో జెనీవాలో వెబ్ మొదటి మహాసభ జరిగినప్పుడే వెబ్‌లో త్రీడీ లోకాలు కట్టే భాష, వీఆర్ఎమ్ఎల్ అన్న ఆలోచన పుట్టింది. ఇక పేజీలుండవు, లోకాలే ఉంటాయన్నారు. పేజీలున్నాయి, ఆ లోకాలే పోయాయి. 1998లోనే వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ తెర చదును, మౌసు కదిలేదీ చదునులోనే, ఆ రెంటి మీదా మూడో కొలతని తిప్పడం జనానికి చాకిరీ అని నెత్తీనోరూ బాదుకున్నాడు. 2008 జులైలో గూగుల్ లైవ్లీ అని త్రీడీ గదులు తెరిచింది. అదే ఏడాది డిసెంబరు 31న తాళం వేసింది. 2011లో బ్రౌజరులోనే త్రీడీ గీసే వెబ్‌జీఎల్ వచ్చింది. ఇది మాత్రం మంచి ఇంజినీరింగే, ప్లగిన్ల బెడద వదిలించింది. కానీ ప్లగిన్ దించుకోవడానికి ఉన్న బద్ధకం ఇన్నాళ్లూ జనాన్ని ఎంత కాపాడిందో అప్పుడే తెలిసింది. ఇక 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ ఏకంగా తన పేరే మెటా అని మార్చుకుంది. మెటావర్స్ అనే త్రీడీ లోకాన్నీ, దాని కళ్లజోళ్లనీ చూసే విభాగం 2021 నుంచి 2024 దాకా నాలుగేళ్లలో 5,700 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపించింది. అంత తగలేసినా అందులోని మనుషుల బొమ్మలకు చాలాకాలం నడుం కింద కాళ్లు లేవు. మనవాళ్లు మాత్రం ఊరుకుంటారా, 2022 ఫిబ్రవరిలో తమిళనాడులో ఒక జంట పెళ్లి విందు మెటావర్స్‌లో జరిపించారు. అతిథులు బొమ్మలై వచ్చారు. భోజనాల సంగతి అడక్కండి.

మన ఇంటి ఉదాహరణ ఇంకా గొప్పది. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ, అంటే ఇస్రో వారి సంస్థ, 2009 ఆగస్టు 12న "భువన్"ని విడుదల చేసింది. గూగుల్ ఎర్త్‌కి మన జవాబని పత్రికలు ఊదరగొట్టాయి. గుండ్రటి భూగోళం, తిప్పుకోవచ్చు, కొండల మీద ఎగరొచ్చు, కాకపోతే ముందు ప్లగిన్ దించుకోవాలి. ఎగిరినవాళ్లు ఒకసారి ఎగిరి సంతృప్తిపడి దిగిపోయారు. భువన్ బతికిందీ, ఊళ్లలోకి వచ్చిందీ వేరే దారిలో. 2016 నుంచి ఉపాధి హామీ పనుల్ని దాని మీద గుర్తుపెట్టడం మొదలైంది. నీటికుంట తవ్వితే తవ్వక ముందు, తవ్వుతుండగా, తవ్వాక ఫొటోలు తీసి, అక్షాంశం రేఖాంశం తగిలించి, చదునైన పటం మీద ఒక చుక్క పెడతారు. చుక్క నొక్కితే ఫొటో, పని పేరు. అంతే. పనికిమాలిన చుక్కలూ ఉంటాయి, ఒకే కుంట రెండు వైపుల నుంచి ఫొటోకి దిగడమూ ఉంటుంది, మన ప్రతిభని తక్కువ చేయను. అయినా ఆ చుక్క అడిగినదానికి జవాబు చెబుతుంది. భూగోళం గిరగిరా తిరగడం తప్ప ఏ జవాబూ చెప్పలేదు.

ఇక అమరావతి. ఆ పేరెత్తకుండా తెలుగువాడు త్రీడీ గురించి మాట్లాడటం కుదరదు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన. తర్వాత లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థ వారి నమూనాలు, శాసనసభలో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు ఎలా పడాలో చూపించే సినిమా దర్శకుడు రాజమౌళి వీడియో. ఫోన్లలో ఆ భవనాలు తిరిగినంత కాలం తిరిగాయి. 2019లో పనులాగాయి, 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. ఈ మధ్యకాలంలో "గ్రాఫిక్స్" అన్న మాట రాష్ట్రంలో తిట్టయిపోయింది. రోడ్డేశామంటే గ్రాఫిక్స్, కుళాయి పెట్టామంటే గ్రాఫిక్స్, ఆఖరికి పెళ్లికొడుకు ఫొటో చూసినా గ్రాఫిక్సేమో అని పిల్ల మేనమామ అనుమానం. ఏ పార్టీది తప్పు అనేది చదువరులు ఎవరి లెక్క వారు వేసుకుంటారు. నేను గమనించింది ఇది: వాస్తుశిల్పి నమూనా గీయడం వాడి వృత్తిధర్మం, కట్టబోయేదాన్ని ముందు చూసుకోవాలిగా. ఆ నమూనాని జనం ఫోన్లలో తిప్పి తిప్పి చూపినప్పుడే అది హామీ అయి కూర్చుంది. చదునైన ప్లానుని ఎవడూ కట్టేసిన ఇల్లనుకోడు. నీడలు పడుతున్న బొమ్మని అనుకుంటాడు. త్రీడీలో ఉన్న చెడు గుణమల్లా అదే, లేనిదాన్ని ఉన్నదానిలా నిలబెడుతుంది, అందుకే అమ్మేవాడికి అంత ముద్దు.

ఈమధ్య ఇంకో వాదన వినిపిస్తోంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది కదా, ఇంత పెద్ద కంపెనీ మన గుమ్మంలోకి వస్తుంటే మన సైట్లు ఇంకా బల్లపరుపుగా ఉంటే పరువేం కాను అని. ఆ గూగుల్‌వారి సొంత మొదటి పేజీ చూడండి: తెల్ల కాగితం, ఒక పేరు, ఒక గడి. ఏనుగులేవీ లేవు.

బెల్లం సంగతి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే కడుపుమండింది దాని మీదే. బెల్లం అమ్మే పేజీల్లోనూ ఇప్పుడు దిమ్మ ఒకటి గాల్లో తేలుతూ తిరుగుతుంది, చుట్టూ బంగారు రేణువులు రాలుతుంటాయి. అనకాపల్లి మార్కెట్టుకి దిమ్మలు తెచ్చే రైతుని అడగండి, కొనేవాడు ఏం చూస్తాడో. రంగు చూస్తాడు, గోటితో గిల్లి గట్టిదనం చూస్తాడు, ముక్క నోట్లో వేసుకుంటాడు, మొదటి రకమో రెండో రకమో నల్లబెల్లమో తేల్చేస్తాడు, ధర పలుకుతాడు. దిమ్మకి వెనక వైపేముందో చూడాలన్న కుతూహలం నూరేళ్ల మార్కెట్టులో ఎవడికీ కలగలేదు. ముందూ బెల్లమే, వెనకా బెల్లమే. తెర మీద రంగు మాత్రం డిజైనర్ వేసిన దీపాన్నిబట్టి మారుతుంది, అంటే కంటితో చూడాల్సిన ఒక్క సంగతీ అక్కడ అబద్ధం. ఎండలో తీసిన మామూలు ఫొటో ఒకటి, ఇవాళ్టి ధర ఒకటి, ఫోను నంబరొకటి పెడితే పావలా ఖర్చుతో ఐపోయేది.

వెబ్ మీద త్రీడీకి చోటే లేదా అంటే, ఉంది. తిప్పి చూస్తే కొత్త సంగతి తెలిసే వస్తువైతే తిప్పాలి. వైద్య విద్యార్థికి గుండె తిప్పి చూపించాలి, నాలుగు గదులూ ఒక్క బొమ్మలో అర్థం కావు. వరదొస్తే ఏ వీధి ఏ ఎత్తు దాకా మునుగుతుందో చూపడానికి నేల ఎత్తుపల్లాలు కావాలి. మా దగ్గర అంతకంటే మంచి ఉదాహరణే ఉంది: అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ, దాని పక్కన లింగాలమెట్ట. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రియా తవ్వి బయటపెట్టిన బౌద్ధ క్షేత్రం. కొండ రాతిని అలాగే చెక్కి స్తూపాలు చేశారు, ఒకదాని పైన ఒకటిగా గుహలు తొలిచారు, మెట్ట నిండా వరసలు వరసలుగా చిన్న స్తూపాలు. ఏ కోణంలో ఫొటో తీసినా సగం దాక్కుంటుంది. పైగా వానకీ ఎండకీ రాయి రాలిపోతోంది, ఒకప్పుడు కనుమనాడు రాళ్లు రువ్వే ఆచారం కూడా ఉండేది. ఇవాళ ఎలా ఉందో అంగుళం అంగుళం కొలిచి త్రీడీలో పెడితే, రేపు ఏ రాయి విరిగిందో, ఏ స్తూపం కుంగిందో పోల్చుకోవచ్చు. మెట్లెక్కలేని ముసలివాళ్లూ చూడొచ్చు. దానికి ఎన్ని ఎంబీలైనా పోనీ, ఫోను ఎంతైనా వేడెక్కనీ.

ఈ ముక్కే ఓ డిజైనర్ కుర్రాడితో అన్నాను. చాలా శ్రద్ధగా విన్నాడు, ఫోనులో రాసుకున్నాడు కూడా.

"కాన్సెప్టు అదిరింది సార్" అన్నాడు. "కొండ చుట్టూ ఖాళీగా ఉంటే డల్‌గా కనబడుతుంది. కింద ఓ స్విమ్మింగ్ పూలూ, నాలుగు విల్లాలూ వేసెయ్యనా?"